ఒకే ఎకరం, మూడు పద్దులు: వైకాటో సైనిక గ్రామాల ప్రణాళిక

(న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మనం కూర్చున్న ఈ ఊరు 1864లో ఒక సైనిక ప్రణాళికలో భాగంగా పుట్టింది. వైకాటో అనే ఈ నదీలోయలో, ఇక్కడి మూలవాసులైన మావోరీల దగ్గర జప్తు చేసిన భూమిలో సిపాయిలనే రైతులుగా దింపి, వాళ్లతోనే సరిహద్దు కాయించాలన్నది ఆ ప్రణాళిక. ఇవాళ ఆ ప్రణాళిక లెక్కల్లోకి వెళ్దాం. ఎంత భూమి, ఎంతమంది మనుషులు, ఎవరి ఖర్చు ఎవరి నెత్తిన పడింది, ఎక్కడ తేడా కొట్టింది. యుద్ధం కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి దాన్ని అవసరమైనంత వరకే ముట్టుకుంటాను.

ముందు తేదీల వరస చూడండి, సగం రోగం అక్కడే ఉంది. 1863 జులై 12న జనరల్ డంకన్ కామెరాన్ సైన్యం మంగతాఫిరి వాగు దాటి మావోరీ రాజు తాఫియావో ఏలుబడిలోకి అడుగుపెట్టింది. ఆగస్టు మొదట్లోనే అప్పటి రాజధాని ఆక్లండ్‌లోని ప్రభుత్వం వైకాటో మిలీషియా అనే తాత్కాలిక సైన్యంలో చేరేవాళ్లకు షరతులు ప్రకటించింది. మావోరీల రంగిరిరి కోట పడింది నవంబరులో. జప్తుకు అధికారమిచ్చే న్యూజిలాండ్ సెటిల్మెంట్స్ చట్టం వచ్చింది డిసెంబరు 3న. న్గారువాహియాలో సైన్యం దిగింది డిసెంబరు 8న. వైకాటో భూముల జప్తు ప్రకటన వెలువడింది 1864 డిసెంబరులో. అంటే సిపాయికి భూమి ఇస్తామని మాటిచ్చిన రోజున ఆ భూమి చేతికి రాలేదు, తీసుకునే చట్టం లేదు, ఒక్క సర్వే గొలుసు పొడవు నేల కూడా కొలవలేదు.

ఆ షరతుల్లో ఏముంది? నలభై ఏళ్ల లోపు ఆరోగ్యవంతుడు మూడేళ్ల సేవకు ఒప్పుకోవాలి. బదులుగా మామూలు సిపాయికి 50 ఎకరాలు, కార్పొరల్‌కు 60, సార్జెంటుకు 80, సబాల్టర్న్‌కు (కెప్టెన్ కంటే కింది అధికారికి) 200, సర్జన్‌కు 250, కెప్టెన్‌కు 300, ఫీల్డ్ ఆఫీసరుకు (మేజరు, ఆ పై అధికారికి) 400. ఊళ్లో ఇంటి స్థలం అదనం. భూమిలో దిగాక ఏడాదిపాటు ఉచిత రేషను. గడువు నిండాక పట్టా. ఒక్కో గ్రామంలో కనీసం 100 ఇంటి స్థలాలు, 100 పొలాలు ఉండాలని, మంచి చోటు చూసి సర్కారే దుంగల కోట కట్టిస్తుందని, ఇళ్లు దాని చుట్టూ, పొలాలు ఆ ఇళ్ల చుట్టూ వస్తాయని కూడా రాశారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1847 నుంచి 1852 దాకా ఆక్లండ్‌కు దక్షిణంగా ఒనిహంగా, ఓటాహుహు, పాన్‌మ్యూర్, హావిక్‌లలో ఫెన్సిబుల్స్ అనే పింఛను సైనికుల్ని దింపారు. వాళ్లకు ఇచ్చింది ఒక చిన్న ఇల్లు, ఒక ఎకరం. ఏడేళ్లు ఉంటే అవి వాళ్ల సొంతం. ఆ ఏర్పాటు నిలబడింది. చేతిలో పింఛను ఉంది, భార్యాపిల్లలు వెంట ఉన్నారు, పక్కనే ఆక్లండ్‌లో కూలి పని దొరికేది. ఎకరం భూమి మీదే బతకాలన్న షరతు ఎవరికీ లేదు. తర్వాతి ప్రణాళికలన్నీ ఫెన్సిబుల్స్‌ను చూపించే మొదలయ్యాయి గానీ, వాళ్లను నిలబెట్టిన ఆ పింఛనును మాత్రం వదిలేశాయి.

రెండో ఉదాహరణ మన చరిత్రను కూడా తాకుతుంది. వైకాటో యుద్ధకాలంలో న్యూజిలాండ్ గవర్నరైన జార్జ్ గ్రే అంతకుముందు 1854 నుంచి 1861 దాకా దక్షిణాఫ్రికాలో కేప్ కాలనీ గవర్నరు. క్రిమియా యుద్ధం కోసం చేర్చుకుని, యుద్ధం ముగిశాక పని లేకుండా మిగిలిపోయిన బ్రిటిష్ జర్మన్ లీజియన్ సైనికుల్ని 1857లో తెచ్చి ఖోసా ప్రజల సరిహద్దులో దింపారు. రెండు వేల పైచిలుకు మగవాళ్లు, ఆడవాళ్లు నాలుగు వందలు కూడా లేరు. స్టట్టర్‌హైమ్, బెర్లిన్, పోట్స్‌డామ్ అని ఊళ్లకు పేర్లు పెట్టారు. పెళ్లి కాని వాడు ఆ ఊళ్లో ఎన్నాళ్లుంటాడు? 1857 తిరుగుబాటుతో ఇండియాలో సైనికుల అవసరం పడగానే, 1858లో దాదాపు వెయ్యి మంది ఓడెక్కి బొంబాయికి వెళ్లిపోయారు. సరిహద్దును కాపాడటానికి కట్టిన ఊళ్లు రెండేళ్లు తిరక్కుండానే సగం ఖాళీ. ఇదంతా దగ్గరుండి చూసిన గవర్నరే ఐదేళ్ల తర్వాత వైకాటో పథకం మీద సంతకం పెట్టాడు. ఈ పథకంలో మనుషుల్ని ఎక్కడ వెతికారో చూడండి: ఒటాగో బంగారు గనుల్లో, మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో. గని పనివాడు గడ్డపార బాగా తిప్పుతాడు, అందులో సందేహం లేదు. కానీ ఎక్కువమంది ఒంటరివాళ్లు. ఎక్కడ బంగారం దొరికిందని కబురొచ్చినా లేచిపోవడం ఆ వృత్తి లక్షణం.

ఇక నేల లెక్క. ఆనాటి సర్వే గొలుసు 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు కూడా ఆ గొలుసు బిడ్డే, వెయ్యి చదరపు లింకులు. 50 ఎకరాలంటే 500 చదరపు గొలుసులు. 20 గొలుసుల వెడల్పు, 25 గొలుసుల పొడవు అనుకోండి, గజాల్లో 440, 550. ప్రతివాడూ తన పొలం మధ్యలో గుడిసె వేసుకుంటే పక్కవాడి గుడిసె కనీసం 440 గజాల దూరం. కేక వినపడదు. ఎన్‌ఫీల్డ్ రైఫిలుతో ఆ దూరంలో మనిషిని కొట్టాలంటే గురి బాగా తెలిసినవాడు కావాలి.

వంద మంది ఊరైతే వంద పొలాలు 5,000 ఎకరాలు, సుమారు 7.8 చదరపు మైళ్లు. కోట మధ్యలో ఉండి పొలాలు గుండ్రంగా పరుచుకున్నాయనుకుంటే చివరి పొలం అంచు ఒకటిన్నర మైలు పైన. అరగంట నడక. పగలు దున్నుకుని, తుపాకీ మోత వింటే కోటలోకి పరుగెత్తొచ్చు. కాగితం మీది ప్రణాళిక ఇదే, ఆ మేరకు అది తెలివైనదే.

నేల మీద జరిగింది వేరు. ఊళ్లను వందల లెక్కన కాకుండా రెజిమెంట్ల లెక్కన దింపారు. మొదటి రెజిమెంటు తౌరంగాకు, రెండోది ఇప్పుడు పిరోంగియా అంటున్న అలెగ్జాండ్రాకు, కిహికిహికి, మూడోది కేంబ్రిడ్జికి, నాలుగోది ఇక్కడికి. రెజిమెంటంటే పది కంపెనీలు, కాగితం మీద వెయ్యి మంది. వెయ్యి పొలాలు 50,000 ఎకరాలు, 78 చదరపు మైళ్లు. వృత్తం వ్యాసార్ధం అయిదు మైళ్లకు చేరింది. అందులో సగం చిత్తడి నేల అయితే, ఆ సగాన్ని వదిలేసి కొలిచే సర్వేయరు ఏడు మైళ్ల దాకా పోవాలి. చివరి పొలం వాడికి కోట చేరడానికి రెండు గంటల పైన పడుతుంది. వాడి విషయంలో కోట ఉన్నా లేకపోయినా ఒకటే.

మరి ఎందుకలా కుప్ప పోశారు? రవాణా వల్ల. మనిషికి రోజుకు తిండి, దినుసులు అన్నీ కలిపి మూడు పౌన్ల బరువు వేసుకున్నా వెయ్యి మందికి 3,000 పౌన్లు, నెలకు 40 టన్నులు. గింజలు, పనిముట్లు, తూటాలు, పలకలు వేరే. టన్ను మోసే బండ్లయితే నెలకు 40 బండ్లు. శీతాకాలపు బురదలో టన్ను మోసే బండి దొరకదు కాబట్టి ఇంకా ఎక్కువే. గ్రే 1862 నుంచే సైనికులతో డ్రూరీ నుంచి పోకెనో దాకా గ్రేట్ సౌత్ రోడ్డు వేయించాడు. అయితే రోడ్డుంటే దాన్ని కాయాలి. 1863 జులై 17న రామరామా దగ్గర బండ్ల వరస మీద దాడి జరిగింది. సెప్టెంబరు 7న నది దగ్గరి కామెరన్‌టౌన్ సరుకు డిపో పోయింది. ముందుకు పోవాల్సిన సైన్యంలో పెద్ద భాగం వెనక రోడ్డు కాపలాలో ఇరుక్కుంది. అదే నదిలో అయితే ఒక ఆవిరి పడవ బార్జీలను లాక్కుని ఒక్క విడతలో అన్ని బండ్ల సరుకూ తెస్తుంది. ఏవన్, పయనీర్, రంగిరిరి, కోహెరోవా, ఈ పడవలే సైన్యాన్ని బతికించాయి. కాబట్టి ఊరు ఎక్కడ పెట్టాలన్నది పడవ ఎక్కడిదాకా పోతుందన్న దాన్ని బట్టి తేలింది. వైకాటో నది మీద పడవ పోగలిగిన చివరి చోటు కేంబ్రిడ్జి. వైపా నది మీద అలెగ్జాండ్రా. రెండు నదులూ కలిసేది న్గారువాహియాలో. మ్యాపులో ఈ మూడు చుక్కలూ పెట్టి చూస్తే మిగతాది చెప్పక్కర్లేదు. నేల సారం చూసి ఎంచిన చోట్లు కావివి.

ఈ ఊరి సంగతి. 1864 ఆగస్టు 24న కెప్టెన్ విలియం స్టీల్ నాలుగో రెజిమెంటు తొలి జట్టుతో రంగిరిరి పడవలోంచి దిగాడు. అంతకుముందు ఈ చోటు పేరు కిరికిరిరోవా, మావోరీలు సాగు చేసుకునే ఊరు. కొత్త పేరు హామిల్టన్, తౌరంగా గేట్ పా పోరులో 1864 ఏప్రిల్ 29న చనిపోయిన నౌకాదళ కెప్టెన్‌ది. ఆయన ఈ చోటికి ఎన్నడూ రాలేదు. నదికి రెండు ఒడ్డుల మీదా మట్టికోటలు కట్టారు, పడమటిది ఇప్పుడు సెయింట్ పీటర్స్ కేథడ్రల్ ఉన్న గుట్ట మీద. తూర్పున నిలువు, అడ్డ వీధులు గీసి మధ్యలో మైదానం వదిలారు, ఇప్పటి స్టీల్ పార్క్ అదే. రెండు ఒడ్డులా ఊరు పరచడం పడవ రవాణాకు బాగుంది, రక్షణకు బాగోలేదు. వంతెన 1879లో గానీ రాలేదు. అప్పటిదాకా ఒక ఒడ్డు మీద ఆపద వస్తే రెండో ఒడ్డు వాళ్లు పంటు కోసం ఎదురుచూడాలి. వెయ్యి మంది ఊరని లెక్క చెప్పుకున్నారు గానీ, ఒక రాత్రి నిజంగా అవసరం పడితే అది సగం సగంగా రెండు ఊళ్లు.

కోట కొలతల దగ్గర కాస్త ఆగుదాం, ఇక్కడ జరిగే పొరపాటు ఎవరికీ కనపడదు. మట్టికోట అంటే కందకం తవ్వి, ఆ మట్టినే లోపలి వైపు గట్టుగా పోయడం. రెండు ఎదురెదురు మూలల్లో బురుజులు ముందుకు తోస్తే అక్కణ్ణుంచి నాలుగు వైపులా కందకం వెంట కాల్చవచ్చు. గట్టు గజానికి ఒక తుపాకీ అనుకుంటే, వంద మందికి చుట్టుకొలత వంద గజాలు, పక్కకు 25 గజాల చదరం. కందకం ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు వేస్తే తవ్వాల్సిన మట్టి 530 ఘన గజాల పైన. మనిషి రోజుకు అయిదు ఘన గజాలు తీస్తే 50 మందికి రెండు రోజుల పై మాట. పెద్ద పనేమీ కాదు. కానీ లోపల మిగిలేది 625 చదరపు గజాలు. వంద మంది సిపాయిలకు సరిపోతుంది. వాళ్ల కుటుంబాలు కూడా వచ్చాయనుకోండి, 350 మందైతే మనిషికి రెండు చదరపు గజాలు కూడా రావు. తూటాల కొట్టు, పిండి బస్తాలు, నీళ్ల పీపాలు, ఆవులు ఎక్కడ? పోనీ కోటను పెద్దది చేద్దామంటే గట్టు పొడవు పెరుగుతుంది, కాసే తుపాకులు చాలవు. తుపాకుల లెక్కన కట్టిన కోటలో ఊరు పట్టదు, ఊరి లెక్కన కట్టిన కోటను ఆ తుపాకులు కాయలేవు. ఇంకొకటి నీళ్లు. కోట ఎత్తు మీద ఉంటుంది, నది కింద ఉంటుంది. నీళ్లకు దిగే బాట గట్టు మీది కాల్పుల కనుచూపులో ఉండాలి, లేదా లోపలే బావి తవ్వాలి. మట్టి గట్టు వానకు జారుతుంది కాబట్టి పచ్చిక పెళ్లలు పేర్చడమో, మట్టి పొరల మధ్య ఫెర్న్ (పువ్వు పూయని ఆకు మొక్క) కంప వేయడమో చేయాలి. ఏటా మరమ్మత్తు ఉంటుంది. సిపాయి పొలానికి వెళ్లిపోయాక ఆ మరమ్మత్తు చేసేదెవరో షరతుల్లో లేదు.

ఇక పొలం. వైకాటో లోయలో పొడి నేలంతా ఫెర్న్ పొద. తగలబెడితే పైది పోతుంది, వేరు పోదు. దున్ని, గడ్డి చల్లి, కొత్త చిగుళ్లను పశువులతో మేపించి తొక్కించాలి, అలా రెండు మూడేళ్లు పడుతుంది. ఉచిత రేషను ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలోనూ కవాతు, కాపలా, కోట పనులు ఉంటాయి. దున్నడానికి ఎద్దులో గుర్రాలో కావాలి, కంచె కావాలి, వాటికి పెట్టుబడి కావాలి. 50 ఎకరాల కాగితం పట్టుకుని ఎద్దు కూడా కొనలేని స్థితి.

చిత్తడి నేల అంతకన్నా కష్టం. ఈ చుట్టుపక్కల రుకుహియా, మోవానటువాటువా, కోమకోరౌ, పియాకో, అన్నీ పీట్ (మొక్కలు కుళ్లి పేరుకున్న మెత్తటి మట్టి) బురద నేలలు. పీట్ నుంచి నీళ్లు తీయాలంటే కాలువ పల్లం వైపు నదిలో కలిసేదాకా తవ్వాలి. ఒకడు తన 50 ఎకరాల్లో తవ్వుకుంటే పై పొలం నీళ్లు కూడా వాడి నెత్తినే పడతాయి. ఎండిన పీట్ కుంగిపోతుంది, అప్పుడు కాలువ మళ్లీ లోతు చేయాలి. ఎండాకాలంలో నిప్పంటుకుంటే నేలే కాలుతుంది. వీటన్నిటికీ ఉమ్మడి కాలువ, ఉమ్మడి ఖర్చు, నేల వాలు చూసి గీసిన హద్దులు అవసరం. సర్వేయరు గీసినవి సమకోణం గీతలు, నీటి వాలును అడ్డంగా కోసుకుంటూ పోయాయి. పైగా పొలాలు చీటీల ప్రకారం వచ్చాయి. అదృష్టం బాగున్నవాడికి గట్టు నేల, లేనివాడికి మోకాలి లోతు నీళ్లు. రెండూ 50 ఎకరాలే.

నవ్వొచ్చే విషయమేమిటంటే, ఈ నేలను బాగుచేయడం మావోరీలకు కొత్త కాదు. రంగియావోఫియా చుట్టూ 1840ల్లో, 50ల్లో గోధుమ చేలు, పిండి మరలు, పళ్ల తోటలు ఉన్నాయి. ఆ పిండి ఆక్లండ్ జనానికి తిండి పెట్టింది. సైన్యం 1864 ఫిబ్రవరి 21న ఆ ఊరి మీదే పడింది. ఆ పంటలు పండించిన చేతుల్ని తరిమేసి, అదే లోయలో సాగు తెలియని వాళ్లకు ఏడాది రేషను పెట్టారు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం, ఈ పథకానికి కీలకం ఇదే. ప్రధాని ఆల్ఫ్రెడ్ డొమెట్ 1863 అక్టోబరులో వేసిన పెద్ద లెక్కలో ఉత్తర దీవిలో 20,000 మందిని దింపడం, వాళ్ల ఊళ్లను కలిపే రోడ్లు వేయడం ఉన్నాయి. తర్వాత వచ్చిన విటేకర్–ఫాక్స్ మంత్రివర్గం 30 లక్షల పౌన్ల రుణ చట్టం చేయించింది. అప్పు తీర్చేదెలా? జప్తు చేసిన భూమిని అమ్మి. సిపాయికి జీతం బదులు ఇచ్చేదీ ఆ భూమే. సరిహద్దు కాసే మనిషి నిలబడాల్సిందీ ఆ భూమి మీదే. ఒకే ఎకరాన్ని మూడు పద్దుల్లో రాసుకున్నారు.

ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. నాలుగు వేల మంది సిపాయిలైనా తలకు 50 చొప్పున రెండు లక్షల ఎకరాలు, ఆఫీసర్ల వాటాలు కలిపినా అంతకు మరీ ఎక్కువ కాదు. వైకాటోలో జప్తు చేసింది మాత్రం సుమారు 12 లక్షల ఎకరాలు. తేడా ఎందుకంటే మిగతాది అమ్మకానికి. ఎవరిని శిక్షిస్తున్నారన్న దానితో హద్దులకు సంబంధం తక్కువ. ఒక ప్రాంతంలో గణనీయమైన సంఖ్యలో జనం తిరగబడ్డారంటే చాలు, ఆ ప్రాంతాన్ని మొత్తం జిల్లాగా ప్రకటించే వీలు చట్టంలో ఉంది. ఆయుధం పట్టని వాడి భూమి, సర్కారు పక్షాన ఉన్నవాడి భూమి కూడా పోయింది. వాళ్లు పరిహార కోర్టుకు వెళ్లి తెచ్చుకోవాలి. కోర్టు కొంత భూమి తిరిగి ఇస్తున్నకొద్దీ, సిపాయిలకు కోసి పెట్టిన గీతలు తారుమారయ్యేవి. చివరికి సుమారు 3 లక్షల 14 వేల ఎకరాలు తిరిగి ఇచ్చారు, అదీ చాలాచోట్ల అసలు హక్కుదారులకు కాదు. అమ్మకం సంగతి చెప్పాలంటే, యుద్ధపు అంచున ఉన్న బురద నేలను కొనేదెవరు? ఖజానా నిండలేదు. జీతాలు మోయలేక 1864 చివర్లో వచ్చిన వెల్డ్ ప్రభుత్వం మిలీషియాను తొందరగా భూమిలోకి దించి జీతం పద్దు మూసేయాలని చూసింది. సర్వే పూర్తికాని చోటుకు మనిషిని తోలితే ఏమవుతుందో ఊహించవచ్చు. హద్దు రాయి పడేదాకా వాడు కంచె వేయడు, చెట్టు నాటడు.

మూడేళ్ల గడువు 1866, 67లో తీరింది. 1867 ఆగస్టులో థేమ్స్ అనే ఊళ్లో బంగారం బయటపడింది, వంద కిలోమీటర్లు కూడా లేదు ఇక్కణ్ణుంచి. చేర్చుకున్నది బంగారం వేట మనుషుల్నని ఇందాక చెప్పాను. చాలామంది పట్టా చేతికి రాగానే, కొందరు అంతకు ముందే ఎవరికో ఒకరికి అమ్మేసి వెళ్లారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాజీ సైనికులకిచ్చే అసైన్డ్ భూమిని పదేళ్లదాకా అమ్మకూడదన్న నిబంధన ఉంది, ఇక్కడ మూడేళ్లు దాటితే అడ్డు లేదు. చిన్న చీటీలు పెద్ద చేతుల్లో పోగుపడ్డాయి. యుద్ధకాలంలో రక్షణ మంత్రిగా ఉన్న థామస్ రసెల్ 1870ల్లో కొందరితో కలిసి పియాకో బురద నేలను కొన్నాడు. ఆ కాలువలు తవ్వడానికి తగ్గ పెట్టుబడి వాళ్లకుంది. సిపాయికి లేనిది అదే.

సరిహద్దు సంగతి ఏమైంది? 1864 ఏప్రిల్‌లో ఓరాకౌ పోరు తర్వాత రాజు మనుషులు పునియు నది అవతలికి వెళ్లి ఆ నదినే దాటరాని గీతగా పెట్టుకున్నారు. ఆ గీత 1881 జులైలో తాఫియావో అలెగ్జాండ్రాకు వచ్చి సర్కారు అధికారి మేజర్ మెయిర్ ముందు తుపాకులు దించేదాకా నిలిచింది. ఈ పదిహేడేళ్లూ సరిహద్దును నిజంగా కాసింది ఎవరు? 1867లో పెట్టిన ఆర్మ్‌డ్ కాన్‌స్టాబ్యులరీ, అంటే నెల జీతం తీసుకునే దళం. జీతం లేకుండా కాపలా దొరుకుతుందనే కదా ఇదంతా మొదలుపెట్టింది!

జప్తు మితిమీరిందని 1920ల చివర్లో సర్కారు వేసిన సిమ్ కమిషనే చెప్పింది. వైకాటో–తైనుయి మావోరీ ప్రజలతో రాజీ ఒప్పందం 1995 మే 22న కుదిరింది, 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల విలువ, క్షమాపణ సహా. ఆ చట్టం మీద రాణి ఎలిజబెత్ స్వయంగా సంతకం చేశారు.

కొలతలన్నీ కళ్లతో చూడాలనుకునేవాళ్లు ముందు పిరోంగియా వెళ్లండి, కాన్‌స్టాబ్యులరీ వాళ్ల మట్టికోట కందకం, మూల బురుజులు ఇంకా తెలుస్తాయి. పోకెనోలో క్వీన్స్ రిడౌట్ అనే మట్టికోట కూడా చూడవచ్చు. ఆక్లండ్ నుంచి వచ్చేటప్పుడు దాటే బాంబే కొండల పేరు మన బొంబాయి వాళ్లు పెట్టింది కాదు, 1860ల్లో వలసదారుల్ని తెచ్చిన ఓడ పేరు అది. పొలాల లెక్క మీద గానీ, పరిహార కోర్టు మీద గానీ ప్రశ్నలుంటే అడగండి, మ్యాపు ఇక్కడే పరుస్తాను.